ఒకే రకం వస్తువులు చాలా ఉన్నప్పుడు ఆన్‌లైన్ వేలం ఎలా నడపాలి, అందులో ఎలా పాడాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాలలో చేతిపని వస్తువులు తయారుచేసేవారూ వాటిని కొనే దుకాణదారులూ పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది. ఒక్క వస్తువును వేలం వేయడం అందరికీ తెలుసు, ఎక్కువ పాడినవారికి అది దక్కుతుంది. కాని ఒకే రకం వస్తువులు పన్నెండు ఉండి, ఒకరు రెండు కావాలని, మరొకరు అయిదు కావాలని వేర్వేరు ధరలు పాడినప్పుడు ఎవరికి ఎన్ని ఇవ్వాలి, ఏ ధరకు ఇవ్వాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నకే సమాధానం. మొదటి భాగం అమ్మేవారికి, రెండవ భాగం పాడేవారికి ఉద్దేశించినదే అయినా, ఇద్దరూ రెండూ చదవడం మంచిది.

ఇలాంటి వేలాలలో తగాదాలు దాదాపుగా రెండు చోట్లే పుడతాయి. పాడిన ధర ఒక్కో వస్తువుకా, అడిగిన మొత్తం సరుకుకా అన్నది మొదటిది. గెలిచినవారు తాము పాడిన ధరే చెల్లించాలా, లేక అందరూ ఒకే ధర చెల్లించాలా అన్నది రెండవది. ఈ రెండింటినీ మొదటి పాట రాకముందే రాతపూర్వకంగా తేల్చి చెప్పినవారికి మిగిలిన పనంతా లెక్క మాత్రమే.

కావలసినవి

- ఒకే నాణ్యత, ఒకే కొలత గల వస్తువులు. కొద్దిపాటి తేడా ఉన్నా ఫర్వాలేదు గాని, ఆ తేడాను ఫోటోలో చూపించాలి.
- పాటలు నమోదు చేయడానికి గూగుల్ ఫారం, ఆ వివరాలు చేరే గూగుల్ షీట్.
- పాటదారులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపు. ఇది ప్రకటనలకు మాత్రమే.
- తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన నిబంధనల పత్రం. ఒక్క పేజీ దాటనవసరం లేదు.
- లెక్కను రెండవసారి సరిచూడడానికి వేలంతో సంబంధం లేని ఒక మనిషి.

ఒకప్పుడు ఈ పనంతా ఈబే వంటి ఆన్‌లైన్ వేలం సైట్లే చేసిపెట్టేవి. ఈబే తన బహుళ వస్తువుల వేలాన్ని 2009లో ఆపివేసింది, 2004లో బాజీ.కామ్‌ను కొని మన దేశంలో నడిపిన సైటు కూడా ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లి 2018లో మూతపడింది. అందుచేత చిన్న అమ్మకందారు ఇప్పుడు ఈ పద్ధతిని తానే నడుపుకోవాలి. నిజానికి అది కష్టమైన పని కాదు.

అమ్మేవారు చేయవలసినవి

1. సరుకును వేరుచేయండి.

పర్లాకిమిడి కొమ్ము కొంగలనే, అంటే పశువుల కొమ్ముతో చెక్కిన కొంగ బొమ్మలనే తీసుకుందాం. చేతితో చెక్కినవి కనుక ఏ రెండూ అచ్చుగుద్దినట్లు ఉండవు. ఎత్తు, మెరుగు, ఆధారపీఠం చూసి ఒక తరగతికి చెందిన వాటినే ఒక వేలంలో పెట్టాలి. ఫోటో తీసేటప్పుడు అన్నింటిలో చిన్నదాన్ని పక్కన స్కేలు పెట్టి చూపించండి. అందమైనదాన్ని చూపి సామాన్యమైనవి పంపితే రెండవ వేలానికి ఎవరూ రారు. తేడాలు మరీ ఎక్కువగా ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, అప్పుడు ఒక్కొక్కదానికి విడిగా లాటు సంఖ్య వేసి విడి వేలాలుగా నడపండి.

సరుకు పెంపుడు పశువుల కొమ్ముతో చేసినదని స్పష్టంగా రాయడం మరువకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కారణంగా జింక కొమ్ముతో చేసిన వస్తువులను వేలానికి పెట్టడానికి వీలులేదు, ఇంట్లో తాతల నాటివి ఉన్నా సరే.

2. ధర పద్ధతిని ఎంచుకోండి.

రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకే ధర పద్ధతిలో గెలిచినవారందరూ, గెలిచిన పాటలలో అతి తక్కువ ధర ఏదో ఆ ధరే చెల్లిస్తారు. ఎవరి ధర వారికి అనే పద్ధతిలో ఎవరు ఎంత పాడితే అంతే చెల్లిస్తారు. రెండవదానిలో అమ్మేవారికి ఎక్కువ డబ్బు వస్తుందని పైకి అనిపిస్తుంది గాని, పాడేవారు అది గ్రహించి మొదటి నుంచే తక్కువ పాడతారు, కాబట్టి కాగితం మీద కనిపించే లాభం చేతికి రాకపోవచ్చు. రిజర్వు బ్యాంకు ప్రభుత్వ బాండ్ల వేలాలలో ఈ రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. తెలిసిన దుకాణదారుల మధ్య జరిగే చిన్న వేలానికి ఒకే ధర పద్ధతినే నేను సిఫారసు చేస్తాను, ఎందుకంటే ఒకే రోజు ఒకే వస్తువును పక్క దుకాణం తనకంటే చవకగా కొన్నదన్న బాధ ఎవరికీ మిగలదు.

3. నిబంధనలు రాయండి.

ఈ కింది విషయాలన్నీ అందులో ఉండాలి. పాట ఒక్కో వస్తువుకు. కనీస ధర ఇంత. ధర పద్ధతి ఇది. ముగింపు తేదీ, సమయం. సమాన ధరలు వస్తే ఎవరికి ముందు. అడిగినన్ని దొరకకపోతే పాటదారుకు వద్దనే హక్కు ఉందా. ప్యాకింగు, కొరియరు ఖర్చు ఎవరిది. డబ్బు ఎన్ని గంటల్లోపు చెల్లించాలి. సమాన ధరల విషయంలో ఎక్కువ సంఖ్య అడిగినవారికి ముందు ఇవ్వడం ఒక పద్ధతి, ముందుగా పాడినవారికి ఇవ్వడం మరొక పద్ధతి. రెండింటిలో ఏదైనా సరే గాని, ముందే చెప్పాలి. ఆ ఒక్క నిబంధన ఫలితాన్ని ఎంతగా మారుస్తుందో ఆరవ మెట్టులో చూస్తారు.

చట్టం గురించి కూడా కొంత తెలిసి ఉండాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షను వేలం అమ్మకాలకు సంబంధించినది. దాని ప్రకారం లాటులుగా పెట్టిన సరుకులో ప్రతి లాటును సాధారణంగా విడి ఒప్పందంగానే పరిగణిస్తారు; అమ్మకం ఖాయమైనట్లు ప్రకటించేవరకు పాటదారు తన పాటను వెనక్కి తీసుకోవచ్చు; ముందుగా తెలియజేయకుండా అమ్మకందారు తానే పాడడం గాని, తన మనిషితో పాడించడం గాని చెల్లదు. ధర పెంచడానికి దొంగపాటలు పాడించినట్లు తేలితే కొన్నవారు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. ఒకే ధర పద్ధతిలో ఒక్క దొంగపాట గెలిచినవారందరి ధరనూ పెంచగలదు కనుక ఇక్కడ ఆ తప్పు మరింత పెద్దది.

4. ఫారం తయారుచేయండి.

పేరు, ఊరు, ఫోను నంబరు, ఎన్ని కావాలి, ఒక్కోదానికి ఎంత, అన్న గడులు చాలు. సంఖ్యల గడులకు తప్పనిసరిగా పరిమితి పెట్టండి. పన్నెండు వస్తువులుంటే సంఖ్య 1 నుంచి 12 లోపు మాత్రమే, ధర కనీస ధరకు తగ్గకుండా మాత్రమే ఫారం తీసుకోవాలి. ఈ చిన్న ఏర్పాటు లేకపోతే ఒకరు "రెండు" అని అక్షరాలలోనూ, మరొకరు ఒడియా అంకెలలోనూ, ఇంకొకరు "520/-" అనీ రాస్తారు, ఆపై షీటులో అవి సంఖ్యలుగా కాక మాటలుగా చేరి వరుస మొత్తం తలకిందులవుతుంది. ధర గడి పైన "ఒక్క కొంగకు మీ ధర, మొత్తానికి కాదు" అని రెండు భాషలలోనూ రాయండి. కొన్నింటికి ఒక ధర, మిగిలినవాటికి మరో ధర పాడాలనుకునేవారికి మరో జత గడులు ఇవ్వండి. షీటు సెట్టింగులలో సమయ మండలం (టైమ్ జోన్) భారతదేశానిదే అయి ఉందో లేదో చూడండి. అది వేరే దేశానిదైతే పాటల సమయాలు గంటల తేడాతో నమోదవుతాయి.

వాట్సాప్ గ్రూపులోనే బహిరంగంగా పాడించవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పదిమంది లోపు ఉంటే కుదురుతుంది. అయితే మెసేజిని తర్వాత మార్చడం, తొలగించడం వీలవుతుంది, నెట్‌వర్కు అందని ఊళ్ల నుంచి పాటలు ఆలస్యంగా చేరతాయి, చివరి నిమిషంలో పాటలన్నీ కుప్పగా పడతాయి. బహిరంగంగానే నడపాలనుకుంటే చివరి అయిదు నిమిషాలలో కొత్త పాట వచ్చిన ప్రతిసారీ మరో అయిదు నిమిషాలు పొడిగించే నిబంధన పెట్టండి, ప్రతి పాట తరువాత అప్పటికి గెలుస్తున్న అతి తక్కువ ధర ఎంతో ప్రకటించండి.

5. ప్రకటించి, చెప్పిన వేళకే మూసివేయండి.

ఫారంను మూసిన వెంటనే షీటుకు ఒక నకలు తీసి పెట్టుకోండి. ఇకపై లెక్కంతా ఆ నకలులోనే చేయాలి, అసలు షీటును ముట్టుకోకూడదు.

6. లెక్క కట్టండి.

వేలానికి పన్నెండు కొంగలు, కనీస ధర 400 రూపాయలు అనుకుందాం. లెక్క అర్థం కావడానికి కల్పించిన ఆరు పాటలు ఇవి, ధరలన్నీ ఒక్కోదానికి:

- పాతపట్నం: 2 కొంగలు, 610 రూపాయలు
- టెక్కలి: 1 కొంగ, 550 రూపాయలు
- బరంపురం: 5 కొంగలు, 520 రూపాయలు
- గుణుపురం: 3 కొంగలు, 480 రూపాయలు, సాయంత్రం 4:25కు
- రాయగడ: 4 కొంగలు, 480 రూపాయలు, సాయంత్రం 6:10కి
- శ్రీకాకుళం: 6 కొంగలు, 440 రూపాయలు

ధరను బట్టి పై నుంచి కిందికి పేర్చి, పక్కన కూడుతూ పోయే మొత్తం రాయండి. రెండు, మూడు, ఎనిమిది. ఇక నాలుగు కొంగలు మిగిలాయి, 480 దగ్గర ఇద్దరున్నారు. ఎక్కువ సంఖ్యకు ముందు అన్న నిబంధన ఉంటే రాయగడకు నాలుగూ వెళ్లి, గుణుపురానికి ఏమీ దక్కదు. ముందుగా పాడినవారికి ముందు అన్న నిబంధన ఉంటే గుణుపురానికి మూడు, రాయగడకు ఒక్కటి. రెండు సందర్భాలలోనూ గెలిచిన అతి తక్కువ ధర 480 కనుక అందరూ 480 చొప్పునే చెల్లిస్తారు, పన్నెండుకు 5,760 రూపాయలు. 610 పాడిన పాతపట్నం వారూ 480 చొప్పునే ఇస్తారు. ఎక్కువ పాడినందుకు వారికి దక్కినది వరుసలో మొదటి స్థానం. అవే పాటలను ఎవరి ధర వారికి పద్ధతిలో లెక్కిస్తే 6,290 రూపాయలు వస్తాయి, అయితే ఆ పద్ధతి అని తెలిస్తే అవే పాటలు వచ్చి ఉండేవి కావన్నది గుర్తుంచుకోండి.

ఇప్పుడు చిక్కైన సందర్భం. నాలుగు అడిగిన రాయగడ దుకాణదారు "ఒక్కటి నాకెందుకు, వద్దు" అన్నారనుకోండి. ఆ ఒక్క కొంగను శ్రీకాకుళం వారికి 440కి ఇస్తే గెలిచిన అతి తక్కువ ధర 440 అయిపోతుంది, అందరూ 440 చొప్పునే చెల్లించాలి, మొత్తం 5,280 రూపాయలు. అలా కాక ఆ కొంగను మీ దగ్గరే ఉంచుకుని, మిగిలిన పదకొండింటిని 480 చొప్పున ఇచ్చినా వచ్చేది సరిగ్గా అదే 5,280 రూపాయలు, పైగా కొంగ మీ బీరువాలోనే ఉంటుంది. కాబట్టి "పాటదారు వద్దన్న వస్తువు అమ్మకందారు వద్దే ఉంటుంది, ధర మారదు" అనే వాక్యాన్ని నిబంధనలలో ముందే రాసుకోండి. ఆ తరువాత ఆ ఒక్కదాన్ని అదే వారంలో ఎవరికో తక్కువకు ఇవ్వకండి, వచ్చే వేలానికి దాచండి.

7. ఫలితాన్ని సరిచూడండి.

ప్రకటించే ముందు మూడు పరీక్షలు చేయాలి. ఇచ్చిన వస్తువుల మొత్తం, ఉన్న వస్తువుల సంఖ్యను దాటలేదా? చెల్లించవలసిన ధర కంటే ఎక్కువ పాడి, ఓడినవారి జాబితాలో ఎవరైనా ఉన్నారా? తాను పాడినదానికంటే ఎక్కువ చెల్లించవలసివచ్చిన విజేత ఎవరైనా ఉన్నారా? మూడింటిలో ఏది తప్పినా షీటు సరిగ్గా పేర్చలేదని అర్థం. చాలాసార్లు ధరల నిలువు వరుసను మాత్రమే ఎంచుకుని పేర్చడం వల్ల ధరలు మాత్రమే జరిగి, పేర్లు ఉన్నచోటే ఉండిపోతాయి. అది పైకి కనిపించని తప్పు, అందుకే ఒక పాతపట్నం పాటనో టెక్కలి పాటనో తీసుకుని అసలు షీటుతో పోల్చి చూడండి. ఆ తరువాత మీ రెండవ మనిషికి కాగితం మీద లెక్క కట్టమనండి.

8. ప్రకటించి, డబ్బు తీసుకుని, పంపండి.

ఓడినవారితో సహా అందరికీ తుది ధర, ఒక్కొక్కరికి దక్కిన సంఖ్య తెలియజేయండి. ఫోను నంబర్లు మాత్రం గ్రూపులో పెట్టవద్దు. డబ్బు అందాకే పంపండి. ఖాతాలో జమ అయినట్లు మీ బ్యాంకు యాప్‌లోనే చూసుకోండి, ఎదుటివారు పంపిన స్క్రీన్‌షాట్‌ను నమ్మవద్దు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ను కొట్టవలసిన అవసరం ఎన్నడూ ఉండదు. పిన్ను అడుగుతోందంటే మీ ఖాతా నుంచి డబ్బు పోతోందన్నమాట. మోసపోయినట్లు అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

కొంగ ముక్కు, కాళ్లు సన్నగా ఉండి ముందుగా విరిగేవి అవే కనుక, ఒక్కొక్కదాన్నీ విడిగా చుట్టి, పెట్టెలో ఒకదానికొకటి తగలకుండా కాగితం కూరండి. వేడికి కొమ్ము మెత్తబడే గుణం ఉంది, వేసవిలో పెట్టెను ఎండలో వదలవద్దు.

పాడేవారు చేయవలసినవి

1. నిబంధనల పత్రంలో ధర పద్ధతి ఏమిటో చూడండి. అందులో లేకపోతే అడిగి, జవాబును రాతలో తీసుకోండి. జవాబు రాకపోతే పాడవద్దు.

2. ఒక్కో వస్తువుకు మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర తేల్చుకోండి. కొరియరు ఖర్చును సంఖ్యతో భాగించి, మీ లాభంతో పాటు మీరు అమ్మే ధరలోంచి తీసివేయాలి. మీ దుకాణంలో 700కు అమ్ముడయ్యే వస్తువుకు 80 రూపాయల రవాణా, 120 రూపాయల లాభం తీస్తే మిగిలేది 500, అదే మీ హద్దు.

3. పద్ధతిని బట్టి పాడండి. ఒకే ధర పద్ధతిలో ఒక్క వస్తువే కావాలంటే మీ హద్దుకు దగ్గరగానే పాడవచ్చు, ఎందుకంటే చెల్లించేది సాధారణంగా అంతకంటే తక్కువే ఉంటుంది. కాని మీ పాటే గెలిచిన పాటలలో చివరిది అయితే ఆ ధర మీరే చెల్లించాలి, అందుచేత హద్దు దాటి పాడడం ఎప్పుడూ తప్పే. "ఎలాగూ తక్కువే పడుతుంది కదా" అని నలుగురూ అనుకుని ఎక్కువ పాడితే ఆ ఎక్కువ ధరే తుది ధర అవుతుంది. ఎవరి ధర వారికి పద్ధతిలో మాత్రం గతంలో ఆ వస్తువు ఎంతకు పోయిందో తెలుసుకుని, దానికి కొంచెం పైన పాడాలి.

4. ఎక్కువ సంఖ్య కావాలంటే పాటను విడదీయండి. మొదటి రెండు తప్పనిసరిగా కావాలి, మిగిలిన మూడు చవకగా వస్తేనే కావాలి అన్నప్పుడు రెండింటికి 520, మూడింటికి 460 అని పాడవచ్చు. అయితే దీనిలో నష్టమూ ఉంది. పై ఉదాహరణలో బరంపురం దుకాణదారు అలా పాడి ఉంటే రెండే దక్కేవి, 480 పాడిన గుణుపురం, రాయగడ ఇద్దరికీ అడిగినన్ని అందేవి, తుది ధర 480గానే ఉండేది. మీకు అయిదూ అవసరమే అయితే విడదీయకండి.

5. అడిగినన్ని దొరకకపోతే ఏమి చేస్తారో ముందే నిర్ణయించుకోండి. చివరి స్థానంలో గెలిచినవారికి కొన్నే రావడం ఈ పద్ధతిలో సహజం. ఆరు ఉంటేనే ఆర్డరు పూర్తవుతుందనుకునేవారు ధరను కాస్త పెంచి వరుసలో పైకి వెళ్లాలి, లేదా పాక్షికంగా వద్దనే హక్కు ఉన్న వేలంలోనే పాడాలి.

6. ఫలితం వచ్చాక తుది ధరను మీకు దక్కిన సంఖ్యతో హెచ్చవేసి బిల్లుతో పోల్చండి. మీ పాట తుది ధర కంటే ఎక్కువై ఉండి కూడా మీకు దక్కలేదని చెబితే వెంటనే అడగండి, అది తప్పకుండా లెక్కలో పొరపాటే. అనుమానాస్పదంగా అనిపించినప్పుడు మీ పాట నమోదైన సమయాన్ని అడిగే హక్కు మీకు ఉంది.

ప్రభుత్వ సరుకు వేలంలో పాడేవారికి

ప్రభుత్వ సంస్థల తుక్కు, అటవీ శాఖల కలప వంటివి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ పోర్టల్‌లో తరచుగా ఈ-వేలానికి వస్తాయి. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షా టేకు డిపో వైపు వెళ్లే మన వ్యాపారులకు ఇది తెలిసిన సంగతే. అక్కడ పైన చెప్పిన పంపకం ఉండదు. సరుకు అంతా లాటులుగా ఉంటుంది, ఒక లాటు మొత్తం ఒకరికే పోతుంది. అయితే పాట లాటు మొత్తానికా, టన్నుకు లేదా ఘనమీటరుకా అన్నది కేటలాగులో లాటు లాటుకూ చూసుకోవాలి, ఇక్కడ పొరబడితే నష్టం లక్షలలో ఉంటుంది. ధరావతు ముందే కట్టాలి. గెలిచి వెనక్కి తగ్గితే అది పోతుంది. జీఎస్‌టీ, టీసీఎస్ (అమ్మేవారు వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) వంటి పన్నులు పాడిన ధరపై అదనంగా పడే సందర్భాలే ఎక్కువ. ఎక్కువ పాడినంత మాత్రాన సరుకు మీదైపోదు, కొన్ని లాటులు అమ్మే శాఖ ఆమోదం తరువాతనే ఖాయమవుతాయి. సరుకును ఉన్నది ఉన్నట్లుగానే ఇస్తారు కాబట్టి పాడేముందు డిపోకు వెళ్లి లాటు సంఖ్య చూసుకుని, దుంగల చివర్లలో బోలు, పగుళ్లు ఉన్నాయేమో స్వయంగా పరిశీలించండి. ఒకేసారి అయిదారు లాటులు గెలిచే అవకాశం ఉంటే, అన్నీ గెలిచినా చెల్లించగలిగిన మొత్తం వరకే పాడండి, ప్రతి లాటుకూ విడిగా గడువు నడుస్తూ ఉంటుంది.